బల్ల కరిగింది సరే.. లోపల?

"గుంటడి కడుపులో బల్ల ఉందమ్మా!"

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నాయనమ్మల నోట ఈ మాట మీరూ వినే ఉంటారు. ఇది కూర్చునే బల్ల కాదు. ఎడమవైపు పక్కటెముకల చాటున దాక్కుని ఉండే ప్లీహం. బడి పుస్తకంలో చదివి మర్చిపోయిన పేరు. మామూలుగా మన పిడికిలంతే ఉంటుంది, చేతికి దొరకదు. అది వాచి పెరిగితే మాత్రం కడుపు మీద చెయ్యి వేయగానే చెక్క ముక్కలా తగులుతుంది. పాత రోజుల్లో దీనికి వాతలు పెట్టేవారు. పిల్లాడు ఏడ్చి ఏడ్చి పడుకునేవాడు, బల్ల మాత్రం అలాగే ఉండేది.

మన వైపు బల్ల అనగానే డాక్టర్లకి ముందు గుర్తొచ్చేది మలేరియా. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ నుంచి వస్తే సికిల్ సెల్ కూడా. తొంభై తొమ్మిదిసార్లు ఇలాంటి కారణమే దొరుకుతుంది. కానీ ఎప్పుడో ఒకసారి మలేరియా పరీక్షలో ఏమీ ఉండదు, సికిల్ సెల్ ఉండదు, ఐరన్ సిరప్ ఎన్ని సీసాలు పట్టించినా రక్తం పెరగదు, పొట్ట మాత్రం నెలనెలకీ ముందుకొస్తుంటుంది. ఆ ఒక్కసారి గురించే ఈ వారం కబుర్లు. ఆ జబ్బు పేరు గౌచర్. ఫ్రెంచివాళ్లు గోషే అంటారు.

ఇంత అరుదైన జబ్బు మనకెందుకు అనుకోకండి. దీనికి మందుంది. మందు వేశాక బల్ల కరుగుతుంది కూడా. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. కరిగాక లోపలి కండ, ఎముక, కణం ఎలా ఉన్నాయి? మందు ఆపేయొచ్చా? ఆ జవాబు మీద పిల్లల ప్రాణాలే కాదు, సర్కారు లెక్కలు కూడా ఆధారపడి ఉన్నాయి.

పలాస ఫ్యాక్టరీలో ఒకడు రాకపోతే

పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీ చూశారా? పిక్క కాల్చేవాళ్లు ఒకరు, పెంకు కొట్టేవాళ్లు ఒకరు, పొట్టు తీసేవాళ్లు ఒకరు, సైజులు ఏరేవాళ్లు ఒకరు. ఇప్పుడు పెంకు కొట్టేవాళ్లు ఒక్కరూ రాలేదనుకోండి. కాల్చిన పిక్కలు బస్తాలకి బస్తాలు వచ్చి పడుతూనే ఉంటాయి. మొదటి రోజు ఓ మూల. వారానికి సగం షెడ్డు. నెలకి మనిషి నడవడానికి కూడా దారుండదు. మిగతావాళ్లంతా పనికొచ్చినా ఫ్యాక్టరీ ఆగిపోతుంది.

మన కణంలోనూ ఇలాంటి షెడ్డు ఒకటుంది. పేరు లైసోజోమ్. 1955లో క్రిస్టియన్ డి డూవ్ అనే బెల్జియం శాస్త్రవేత్త దీన్ని గుర్తించాడు, 1974లో నోబెల్ పంచుకున్నాడు. పాతబడిపోయిన కణాల ముక్కల్ని విరగ్గొట్టి మళ్లీ వాడుకునేలా చేయడమే దీని పని. ఒక్కో రకం సరుకుని విరగ్గొట్టడానికి ఒక్కో ఎంజైమ్. పుట్టుకతోనే ఒక ఎంజైమ్ తయారు కాకపోతే ఆ ఒక్క సరుకు పేరుకుపోతుంది. వీటినే లైసోజోమ్ నిల్వ జబ్బులు అంటారు. గౌచర్, ఫాబ్రీ, పాంపే, ఎంపీఎస్.. ఇలా యాభైకి పైగా ఉన్నాయి.

గౌచర్‌లో పేరుకునేది ఒక రకం కొవ్వు. ఎక్కువగా పేరుకునేది మాక్రోఫేజ్ అనే కణాల్లో. ఇవి ఒంట్లో పారిశుద్ధ్య కార్మికులు. ముసలి ఎర్రరక్తకణాల్ని మింగి అరిగించుకునేది ఇవే. ప్లీహం, కాలేయం, ఎముక మూలుగ వీటి అడ్డాలు. అందుకే బల్ల పెరగడం, కాలేయం వాయడం, ఎముకల్లో నొప్పులు, రక్తం తగ్గడం, ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కు నుంచి రక్తం కారడం.. అన్నీ ఒకే సంచిలోంచి వస్తాయి.

నలిపేసిన టిష్యూ పేపరు

1882లో ఫిలిప్ గౌచర్ అనే ఫ్రెంచి వైద్య విద్యార్థి ఒక 32 ఏళ్ల మహిళ ప్లీహాన్ని మైక్రోస్కోప్ కింద చూశాడు. పెద్ద పెద్ద ఉబ్బిన కణాలు కనిపించాయి. ప్లీహంలో పుట్టిన ఒక రకం కణితి అనుకున్నాడు. అది కణితి కాదు, అరగని సరుకుతో నిండిన మాక్రోఫేజ్. దాన్నే ఇప్పుడు గౌచర్ కణం అంటున్నాం. కేంద్రకం ఓ పక్కకి తోసేసినట్టు ఉంటుంది. మిగతా భాగమంతా నలిపి పారేసిన టిష్యూ పేపరులా ముడతలు ముడతలు. పాథాలజీ చదివే ఎంబీబీఎస్ పిల్లల్ని అడగండి, ఈ పోలిక టక్కున చెప్తారు.

ఏ ఎంజైమ్ తక్కువైందో తెలియడానికి మరో ఎనభై ఏళ్లకి పైగా పట్టింది. అమెరికాలోని ఎన్‌ఐహెచ్‌లో రాస్కో బ్రేడీ బృందం 1965లో తేల్చింది. తక్కువైంది బయటి నుంచి ఎక్కిస్తే సరిపోతుందిగా అన్నది వాళ్ల ఆలోచన. వినడానికి తేలిక, చేయడానికి పాతికేళ్లు.

ఎంజైమ్ ఎక్కడి నుంచి తేవాలి? కాన్పు తర్వాత పారేసే మాయ నుంచి తీశారు. ఒక్క రోగికి ఏడాదికి 20,000కి పైగా మాయలు కావాలి. ఇంకో చిక్కు. రక్తంలోకి ఎక్కించిన ఎంజైమ్ వెళ్లాల్సిన చోటికి వెళ్లట్లేదు. అప్పుడు దాని మీదున్న చక్కెర తోకల్ని కత్తిరించి, మానోస్ అనే చక్కెర బయటికి కనపడేలా చేశారు. మాక్రోఫేజ్ మీద మానోస్‌ని పట్టుకునే కొక్కెం ఉంటుంది. కొక్కేనికి తగిలింది, లోపలికి లాగేసింది. అడ్రస్ రాసిన పార్శిల్ అన్నమాట. ఆ మందుకి 1991లో అమెరికాలో అనుమతి వచ్చింది. 1994 నుంచి మాయలతో పనిలేకుండా, ల్యాబ్‌లో పెంచిన కణాలతోనే తయారుచేస్తున్నారు. రెండు వారాలకి ఒకసారి సెలైన్‌లా ఎక్కించాలి. ఎన్నాళ్లు? ఉన్నన్నాళ్లూ.

మందు వేశాక కండలో ఏటవుతాది?

ముందు మంచి కబురు. మందు బాగా పనిచేసే పిల్లల్లో మొదటి ఏడాదిలోనే ప్లీహం మూడో వంతు నుంచి సగం దాకా చిక్కిపోవాలని డాక్టర్లు లక్ష్యం పెట్టుకుంటారు. చాలామందిలో అది అందుతుంది. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. ఆగిపోయిన ఎదుగుదల మళ్లీ మొదలవుతుంది. పొట్ట మీద నుంచి జారిపోయే నిక్కరు నడుము మీద నిలబడుతుంది. ఇంట్లోవాళ్లకి అదే పండగ.

ఇప్పుడు మైక్రోస్కోప్ మాట. చికిత్స తీసుకున్నవాళ్ల కండ ముక్కల్ని, చనిపోయినవాళ్ల శరీరాల్ని పరీక్షించిన పాథాలజిస్టులు చూసింది ఏమిటంటే, అన్ని చోట్లా శుభ్రం కాలేదు.

రక్తం ధారాళంగా పారే చోట మందు బాగా చేరుతుంది. కాలేయం, ప్లీహం అలాంటివే. అయితే అప్పటికే మచ్చ కట్టి గట్టిపడిన భాగం, రక్తం అందక చచ్చిన భాగం తిరిగి మామూలు కావు. సరుకు ఖాళీ అయినా గోడ కూలిపోయి ఉంటుంది. అందుకే ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లలో ప్లీహం కొంత తగ్గి అక్కడే ఆగిపోవచ్చు.

ఎముక ఇంకా మొండిది. మూలుగలో గౌచర్ కణాలు తగ్గుతాయి, నొప్పులు తగ్గుతాయి. కానీ తొడ ఎముక తల ఒకసారి రక్తం అందక చచ్చిపోయిందంటే ఎన్ని సీసాలు ఎక్కించినా బతకదు. తుంటి మార్పిడే దారి.

లింఫ్ గ్రంథుల్లో, ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి చికిత్స తర్వాతా గౌచర్ కణాలు మిగిలి ఉండొచ్చు. కొందరిలో అవి గడ్డల్లా కూడా కట్టాయి.

ఇక మెదడు. రక్తానికీ మెదడుకీ మధ్య గట్టి కాపలా ఉంటుంది. ఎంజైమ్ పెద్ద అణువు, ఆ గేటు దాటలేదు. కాబట్టి నరాల్ని కూడా పట్టే రకాల్లో ఒళ్లు బాగుపడుతున్నా కళ్ల కదలిక, మూర్ఛలు, చదువు వంటివి మందుకి లొంగవు. మన దేశంలో గౌచర్ పిల్లల్లో ఎక్కువగా కనిపించే జన్యుమార్పు ఈ నరాల రకంతో ముడిపడి ఉన్నదే. అమ్మానాన్నలకి మొదటి రోజే ఈ సంగతి చెప్పాలి. లేకపోతే పొట్ట తగ్గింది కదా, పిల్లాడు చురుగ్గా ఎందుకు లేడు అని వాళ్లు తమనే తప్పుపట్టుకుంటారు.

మరి "బల్ల కోసి తీసేస్తే పోయే కదా" అని ఎవరైనా అంటే? మందు రాక ముందు అదే చేసేవారు. రక్తం కొంత మెరుగయ్యేది. కానీ ప్లీహం లేకపోతే ఆ సరుకు వేరే గోదాము వెతుక్కుంటుంది. ఎముకకి, కాలేయానికి, ఊపిరితిత్తులకి బరువు పెరుగుతుంది. గోదాము పగలగొడితే లారీలు ఆగవు కదా!

కిడ్నీ చెప్పే సాక్ష్యం

దీనికి దగ్గరి చుట్టం ఫాబ్రీ జబ్బు. అందులో వేరే కొవ్వు పేరుకుంటుంది, కిడ్నీ, గుండె, నరాలు దెబ్బతింటాయి. 2001లో ఫాబ్రీ మందు మీద వచ్చిన ప్రసిద్ధ పరీక్ష ఒకటుంది. 58 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మందు, ఒక జట్టుకి ఉత్తి సెలైన్ లాంటిది. 20 వారాల తర్వాత కిడ్నీ ముక్క తీసి చూశారు. మందు తీసుకున్న 29 మందిలో 20 మందికి సన్నని రక్తనాళాల లోపలి పొరలో సరుకు దాదాపు ఖాళీ. రెండో జట్టు 29 మందిలో ఒక్కరికీ లేదు.

గొప్ప ఫలితమే. కానీ అదే కిడ్నీలో పోడోసైట్లు అనే వడపోత కణాలున్నాయి. అవి విడిపోయి కొత్తవి పుట్టే రకం కాదు. వాటిలో సరుకు ఖాళీ కావడానికి నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. అప్పటికే వడపోత మచ్చకట్టిపోయి ఉంటే ఇక వెనక్కి రాదు. ఒకే అవయవంలో, పక్కపక్కనే ఉన్న రెండు కణాలకి రెండు తలరాతలు!

కిడ్నీ అనగానే మీకు ఉద్దానం గుర్తొచ్చి ఉంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస.. ఒక్కో ఊళ్లో ఎన్ని ఇళ్లలో డయాలసిస్ కార్డులున్నాయో మనకి తెలుసు. ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఉద్దానం జబ్బు, ఫాబ్రీ ఒకటి కావు. ఉద్దానంలో దెబ్బ ఎక్కువగా కిడ్నీ గొట్టాల చుట్టూ ఉండే కండలో కనిపిస్తుంది, దాని అసలు కారణం మీద ఇంకా పరిశోధన నడుస్తోంది. కానీ పాఠం మాత్రం ఒక్కటే. రిపోర్టులో అంకె మారేసరికి లోపల చాలా పాడైపోయి ఉంటుంది. మచ్చ పడకముందే పట్టుకోవాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. అలాంటి చోట కండ ముక్క చదవగలిగే పాథాలజిస్టు ఎంత ముఖ్యమో ఇప్పుడు అర్థమై ఉంటుంది. యంత్రం రక్తాన్ని శుద్ధి చేస్తుంది. జబ్బు ఏమిటో చెప్పేది కండే.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఇప్పుడు డబ్బు మాట. గౌచర్ మందు బరువుని బట్టి వేస్తారు. కిలోకి 60 యూనిట్ల చొప్పున వేస్తే 10 కిలోల పాపకి ఒక్కసారికి 600 యూనిట్లు. ఏడాదికి 26 సార్లు. సీసాకి 400 యూనిట్లు అనుకుంటే 39 సీసాలు. పాప 20 కిలోలు అయ్యేసరికి 78 సీసాలు. ఒక్కో సీసా ధర మామూలు ఇంటి నెల జీతాన్ని మించిపోయి ఉంటుంది. అంటే మందు పనిచేసి బిడ్డ పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. బిడ్డ బరువు పెరిగిందని సంతోషించాలో భయపడాలో తెలియని తల్లిదండ్రుల్ని తయారుచేసిన జబ్బు ఇది.

2021 మార్చిలో కేంద్రం అరుదైన జబ్బుల జాతీయ విధానం తెచ్చింది. 2022లో సాయాన్ని ఒక్కో రోగికి రూ.50 లక్షల దాకా పెంచింది. గుర్తింపు పొందిన పెద్ద కేంద్రాల్లో పేరు నమోదు చేసుకోవాలి. మనకి దగ్గరిది హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి నడిపేది. అదే 2022లో కోనసీమలో గౌచర్ ఉన్న ఒక చిన్నారికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు మంజూరు చేసింది. అమలాపురం ప్రభుత్వాస్పత్రిలోనే ఇంజెక్షన్ ఎక్కించారు. మన రాష్ట్రంలో, జిల్లా స్థాయి ఆస్పత్రిలో ఇది చేయొచ్చని అప్పుడు తేలింది. అంతకుముందు 2014లో ఢిల్లీ హైకోర్టు కూడా ఒక గౌచర్ పిల్లాడి కేసులో, డబ్బుల్లేవన్న సాకుతో ప్రభుత్వం వైద్యం చేయకుండా ఉండలేదని తేల్చి, ఉచితంగా మందు ఇప్పించింది.

ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే. కానీ పైన కండ చెప్పిన సాక్ష్యంతో కలిపి చూడండి. 50 లక్షలు అనేది ఒక మొత్తం. జబ్బేమో నెలసరి అద్దె లాంటిది. మొత్తం అయిపోయాక మందు ఆగితే ఏమవుతుంది? పెంకు కొట్టేవాళ్లు మళ్లీ పనికి రావడం మానేశారు. బస్తాలు మళ్లీ పేరుకుంటాయి. రక్తం పడిపోతుంది, బల్ల తిరిగి పెరుగుతుంది, ఈసారి ఎముక పోయిందంటే పోయినట్టే. అప్పటిదాకా పెట్టిన ఖర్చు కూడా బూడిదలో పోసిన పన్నీరే. "పొట్ట తగ్గింది, ఇక చాలు" అనే ఫైలు మీద సంతకం పెట్టేవాళ్లు ఒక్కసారి పాథాలజీ స్లైడు చూస్తే బాగుండు.

ఇంకోటి. కంచిలి నుంచో, కురుపాం నుంచో రెండు వారాలకోసారి హైదరాబాద్ వెళ్లి రావడమంటే తండ్రి కూలి పోయినట్టే, అన్న బడి పోయినట్టే. జబ్బు నిర్ధారణ పెద్ద కేంద్రంలో జరగాలి, సరే. ఎక్కించడం మాత్రం శ్రీకాకుళం, విజయనగరం సర్కారు ఆస్పత్రుల్లో ఎందుకు జరగకూడదు? అమలాపురంలో జరిగింది కదా!

మేనరికం మాట

ఇది కొంచెం సున్నితం. గౌచర్ రావాలంటే అమ్మ దగ్గర ఒకటి, నాన్న దగ్గర ఒకటి, రెండు చెడిపోయిన జన్యువులు కలవాలి. ఒక్కటే ఉన్నవాళ్లకి ఈ జబ్బు రాదు, వాళ్లని వాహకులు అంటారు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. "మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదు" అనేది తప్పు లెక్క. పాచిక వేసిన ప్రతిసారీ కొత్తగానే పడుతుంది.

ఒకే తాత, ఒకే నాయనమ్మ ఉన్నవాళ్ల మధ్య ఒకే చెడ్డ జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. బావా మరదళ్ల కంటే మేనమామా మేనకోడలి పెళ్లిలో ఇంకా ఎక్కువ. మన ఆంధ్రలో ఈ పెళ్లిళ్ల మీద 1960ల మొదట్లోనే శాస్త్రీయంగా పరిశోధన చేసినవాడు పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, మీరా ఖాన్‌తో కలిసి. ఆయన ప్రఖ్యాత శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు.

అయితే మేనరికం చేసుకున్న ఇళ్లలో ఎక్కువ శాతం పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. బయటి సంబంధం చేసుకున్నవాళ్లకీ ఈ జబ్బు రావచ్చు. కాబట్టి కోడల్ని ఆడిపోసుకోవడం ఆపండి. జన్యువులో సగం వాటా మీ అబ్బాయిది. ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డకి జబ్బుందని తేలితే, తర్వాతి కడుపు మూడో నెలలోనే పరీక్ష చేయించుకునే వీలుంది. ఆ మాట అడగాల్సింది ఊరి పంచాయితీలో కాదు, జెనెటిక్స్ డాక్టరు దగ్గర.

ఫోన్ పక్కన పెట్టే ముందు

మీ ఇంట్లో, మీ వీధిలో ఏ పిల్లాడికైనా పొట్ట ఎత్తుగా ఉండి, మలేరియా, సికిల్ సెల్ లేవని తేలి, ఐరన్‌కి రక్తం ఎక్కక, ఒంటి మీద నీలం మచ్చలో, ముక్కు నుంచి రక్తమో, ఎముకల నొప్పులో, వయసుకి తగ్గ ఎత్తు లేకపోవడమో ఉంటే పిల్లల డాక్టర్ని ఒక్క ప్రశ్న అడగండి. "ఎంజైమ్ పరీక్ష చేయిద్దామా?" కాగితం మీద ఎండబెట్టిన కొన్ని రక్తపు చుక్కలు చాలు, ల్యాబ్‌కి పోస్టులో పంపొచ్చు. తర్వాత జన్యు పరీక్షతో ఖరారు చేస్తారు. మూలుగ పరీక్షలో గౌచర్ కణాలు కనపడినా ఎంజైమ్ పరీక్ష తప్పదు. ఎందుకంటే కొన్ని రక్త క్యాన్సర్లలో, తలసేమియాలో కూడా అచ్చం అలాంటి కణాలే కనిపించి మోసం చేస్తాయి.

వాతలు మాత్రం వద్దు. ఏడాది ఆలస్యమూ వద్దు. సరుకు పేరుకున్న కణాన్ని ఖాళీ చేయడం 1991 నుంచి మనుషులకి తెలుసు. మచ్చ పడిన కండని వెనక్కి తేవడం ఇంకా తెలియదు. ఆ రెండింటి మధ్య ఉన్న సమయమే ఆ పిల్లాడి చేతిలో ఉన్న ఆస్తి.